ఎడమ తలుపు మీద గీత

సిరిసిల్లలో మేము కుట్టిన బట్టలు పరీక్షించే హాల్లో పోయిన వారం ట్యూబులైట్లు మార్చారు. మా ముందున్న రేకు బల్లల మీద ఒక్కో ట్యూబు ఒక్కో పొడుగాటి తెల్లగీతలా పడింది. నా బల్ల మీది గీత ఒకచోట చిన్నగా వంగి మళ్ళీ తిన్నగా సాగింది. చెయ్యి పెట్టి చూస్తే అక్కడ సొట్ట. ఏడు నెలలుగా ఆ బల్ల మీద స్కూలు అంగీలు తిప్పి తిప్పి చూస్తున్నాను, బల్లను మాత్రం ఎప్పుడూ చూడలేదు.

"రంగు అవద్దమాడుతది బిడ్డా. ట్యూబులైటు అవద్దమాడది."

ఆ మాట గుర్తొచ్చి నవ్వుకున్నాను. పక్కన గుండీలు లాగి చూస్తున్న అక్క, "ఏందే, నీకు నువ్వే నవ్వుకుంటున్నవ్?" అంది. ఏం లేదన్నాను. ఎవరేమడిగినా నేను ఎక్కువసార్లు చెప్పే జవాబు అదే.

ఆ మాట అన్న మనిషి అప్పటికే పోయాడని నాకు తెలియదు. సాయంత్రం కోరుట్ల నుంచి అమ్మ ఫోన్ చేసింది. ముందు నల్లా రావడం లేదని చెప్పింది, తర్వాత ఈసారి బీడీ ఆకు ఎంత నాసిగా వచ్చిందో చెప్పింది, చివర్న అంది: "గా చాచా పాయెనే. శుక్రారం నాడు. నువ్వు డ్యూటీల ఉంటవని చెప్పలే."

ఆయన పేరు ఇక్కడ రాయను. నేను ఆయనతో తీసిన వీడియోల్లో కూడా పేరు లేదు, ముఖం లేదు. రెండు చేతులు, ఒక దస్తీ రుమాలు, వెనక నుంచి గొంతు. అంతే. వీధిలో అందరికీ చాచా. కోరుట్లలో ఆయన ఇంటి వెనక రెండు గదులు మావి, కిరాయికి. మాది కథలాపూర్ పక్క పల్లె. అమ్మ బీడీలు చుడుతుంది. డిగ్రీ అయ్యాక నేను రెండేళ్ళు ఆ గదుల్లోనే ఉన్నాను, ఉద్యోగాల నోటిఫికేషన్ పడుతుందని పోటీ పరీక్షల గైడు ముందు పెట్టుకొని.

చాచా గల్ఫులో ఇరవై రెండేళ్ళు కార్లకు రంగులు వేసి, వేసిన రంగులో సగం ఊపిరితిత్తుల్లో నింపుకొని వచ్చాడు. ముందుగదిలో ఒక మూల ఆక్సిజన్ మిషను ఉండేది. పిండిగిర్నీ దూరంగా ఆడుతున్నట్టు పొద్దంతా దాని చప్పుడు. దాని నుంచి సన్నటి గొట్టం ఆయన ముక్కు దాకా. ఆ గొట్టం మంచం దాకా వచ్చేది, కిటికీ దాకా వచ్చేది, గడప దాకా వచ్చేది. గడప దాటి ఒక కాలు మెట్టు మీద పెట్టేంత వదులు ఉండేది. రెండో కాలు పెట్టాలంటే గొట్టం చాలదు. సాయంత్రాలు ఆయన అలాగే కుర్చీ వేసుకొని కూర్చునేవాడు, ఒక కాలు బయట, ఒక కాలు లోపల.

"ఒక కాలు కోరుట్లల, ఒక కాలు జైల్ల," అనేవాడు ఎవరైనా పలకరిస్తే.

"జైల్ల చాయ్ ఎవ్వలిస్తరు గిట్ల గంటకోసారి?" అని లోపల్నుంచి ఆయన భార్య, చాచీ.

కొత్త కారు కొన్నవాళ్ళు కొండగట్టుకు పోయి పూజ చేయించుకొని, వచ్చేటప్పుడు ఆ మెట్టు ముందు ఆపేవాళ్ళు. నిమ్మకాయలూ బంతిపూల దండా ఉన్న బండిని చూడగానే చాచా మొహం మాడ్చుకునేవాడు. "కుంకుమ పెట్టుండ్రి, వద్దన్ననా? అద్దం మీద పెట్టుండ్రి. రంగు మీద పసుపు పూస్తే గది మీ బండి కాదు, పప్పుగిన్నె." వాళ్ళు నవ్వేవాళ్ళు, దస్తీ తెచ్చి తుడిచేవాళ్ళు. తలుపు ఒకసారి తీసి వెయ్యమనేవాడు. ఆ చప్పుడు విని, "తీస్కోవచ్చు," అనేవాడు. వాళ్ళు అప్పటికే తీసుకొని ఉండేవాళ్ళు. అయినా ఆ మాట కోసమే ఆగేవాళ్ళు.

దేన్నయినా చూడాలంటే ఆయన ముందు దస్తీని అరచేతి మీద పరిచి, దాని మీదుగా నిమిరేవాడు. వేళ్ళతో ఎప్పుడూ ముట్టుకోడు. "వేళ్ళు దొంగలు. వాటికి ఏది ఇష్టమైతే గదే చెప్తయి. అరచెయ్యికి గంత తెలివి లేదు, ఉన్నదున్నట్టు చెప్తది." స్టీలు గ్లాసులు, కొత్త బీరువా, మా అమ్మ బీడీల చాట, అన్నీ ఆ అరచెయ్యి కిందికి రావాల్సిందే. ఒకరోజు నా పరీక్షల గైడు మీద చెయ్యి పెట్టి ఆగాడు. "గీ పుస్తకం కడుపుల ఇంకో పుస్తకం ఉన్నది," అన్నాడు. లైబ్రరీ నుంచి తెచ్చిన నవల మధ్యలో పెట్టుకొని చదువుతున్నాను. అమ్మ నెలల తరబడి పట్టుకోలేనిది ఆయన ఒక్క నిమురుతో పట్టుకున్నాడు. నేను బిక్కచచ్చి నిలబడ్డాను. ఆయన మాత్రం గైడు తిరిగిచ్చి, "అందుల ఏమైతున్నది, జర చెప్పు," అన్నాడు. అంతసేపు నేను ఒక మనిషితో ఆపకుండా మాట్లాడటం అదే మొదటిసారి.

బొమ్మ కార్ల సంగతి జగిత్యాలలో మొదలైంది. అక్కడ పాత కార్లు అమ్మే ఒకాయన, ఏ బండికైనా దెబ్బ తగిలి మళ్ళీ రంగు వేశారా అని అనుమానం వస్తే చాచాను అడిగేవాడు. ఆయనకు తెలిసిన హైదరాబాద్ సారొకాయన చిన్న చిన్న కార్లు పోగుచేస్తాడు. పిల్లలు ఆడుకునేవి కావు. పెద్ద బండిని కొలిచి, అదే లెక్కన తగ్గించి, రేకుతో చేసినవి. తలుపులు తెరుచుకుంటాయి, స్టీరింగ్ తిప్పితే చక్రాలు తిరుగుతాయి, సీట్లకు తోలు, ఆ సీట్లకు దారమంత బెల్టులు. సారు తమాషాకు ఒకటి పంపి, ఎట్లుందో చెప్పమన్నాడట. చాచా ఫోన్లో, "డిక్కీ మూత సక్కగ కూసుంటలేదు సార్, ఎడమ దిక్కు వెంట్రుక మందం లేసున్నది," అన్నాడు. సారు కొలిచి చూసుకొని, ఇక నుంచి వీడియో తియ్యమన్నాడు. అట్లాంటి కార్లు పోగుచేసేవాళ్ళంతా చూసే చోట చాచా ఫోన్ నుంచే పెట్టమన్నాడు.

చాచీ ఫోన్ పట్టుకుంటే గోడలే వచ్చేవి. నన్ను పిలిచారు.

"బీడీలు చుట్టే ఇంటి పిల్ల," అన్నాడు చాచా. "చెయ్యి వణకది. మాట్లాడది. గింతకంటె మంచి కెమెరా దొరుకదు."

నా పని ఫోన్ పట్టుకోవడం, ఆయన చెప్పింది నోటుబుక్కులో రాసుకొని వీడియో కింద తెలుగులో పెట్టడం. నోరు తెరవకూడదు. నాకంటే ఆనందంగా ఆ నియమం ఎవరూ పాటించి ఉండరు. ఆయనకు ఉర్దూ చదవడమే వచ్చు. నేను రాసిన పేజీని అరచేత్తో నిమిరి, "ఇయ్యాల కలం గట్టిగ ఒత్తినవు. అమ్మతోని కొట్లాటనా?" అనేవాడు. కొట్లాటే అయి ఉండేది.

పెట్టె రాగానే వరస ఒకటి ఉండేది. కారు గాజులాంటి ప్లాస్టిక్ డబ్బాలో, కింది చెక్కకు మరలతో బిగించి ఉంటుంది. "ఖైదీని బయటికి తియ్యి బిడ్డా. మెల్లగ బేడీలు ఇప్పు." నేను మరలు విప్పేదాన్ని. తలుపులు తెరవబోతే చెయ్యి మీద చిన్న దెబ్బ. "ముందుగాల మూసి చూడాలె. తెరిస్తే లోపలి తళుకుకు ఎవ్వలైనా మురుస్తరు. మూసినప్పుడు సక్కగ కూసున్నదా, గదే పనోని పని." తర్వాత కారును ట్యూబులైటు కింద మెల్లగా వంచుతూ, రంగు మీద పడ్డ తెల్లగీతను ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించేవాడు. రంగును కాదు, ఆ గీతనే చూడాలి. అది వంగినా విరిగినా అక్కడ కింద సొట్ట పూడ్చిన లప్పం ఉన్నట్టు, ఎవరో మళ్ళీ రంగు వేసినట్టు. ఆ తర్వాత దస్తీ. ఆ తర్వాతే తలుపులు, సీట్లు, చక్రాలు. ఆఖర్న లోపలికి ముక్కు పెట్టి వాసన చూడబోయి, ముక్కుకు గొట్టం ఉందని గుర్తొచ్చి నవ్వేవాడు.

తీర్పులు రెండే. "తీస్కోవచ్చు." లేదా "నా చెయ్యి ఒప్పుకుంటలేదు." బ్రహ్మాండం, అదుర్స్ లాంటి మాటలు ఆయన నోట వినలేదు. తప్పు దొరికినప్పుడు కూడా ఆ చేసినవాణ్ణి తిట్టేవాడు కాదు. "వేసినోడు మంచి పనోడే. టైం ఇచ్చి ఉండరు పాపం," అనేవాడు, వాడు పక్కగదిలో ఉన్నట్టు గొంతు తగ్గించి.

నెలకు రెండు మూడు పెట్టెలు వచ్చేవి. నాలుగైదు రోజులు ఉంచుకొని పంపేసేవాళ్ళం. పెట్టె వచ్చే రోజు ఆయన గడ్డం గీసుకునేవాడు. దువ్వుకొని, మెట్టు మీద ఒక కాలు పెట్టి, కొరియర్ బండి చప్పుడు కోసం చూసేవాడు. పెట్టె రాని వారం మిషను చప్పుడు ఎక్కువగా వినిపించేది. గొట్టం ఎంత పొడుగో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ గొట్టం అందని చోట్ల నుంచి ఆయన దగ్గరికి వచ్చేవి ఆ పెట్టెలు మాత్రమే.

వానాకాలంలో పెద్ద పెట్టె వచ్చింది. కుట్టుమిషను మూత అంత ఉంది. లోపల నా మోచేతి నుంచి వేళ్ళ చివర దాకా పొడుగున్న కారు, మోదుగపువ్వు రంగు. ఎక్కడో ఇటలీలో చేసే బండి అట. నేలకు అంటుకున్నట్టు కూర్చుంది, తలుపులు రెక్కల్లా పైకి లేస్తాయి. వెనక అద్దంలోంచి ఇంజను, దాని మీద ఎర్రటి సన్న తీగలు.

చాచా ఖైదీ అనలేదు, బేడీలు అనలేదు. చాలాసేపు అటు తిరిగి ఇటు తిరిగి చూశాడు.

"గీ బండికి నేను రంగేసిన బిడ్డా," అన్నాడు. "అసలు బండికి. పద్నాలుగు దినాలు."

గల్ఫులో రంగు వేసే గదిని పూర్తిగా మూసేస్తారట. తలుపుకు బయట నుంచి గడియ. బండిని కాగితాలతో, ప్లాస్టిక్ తో కప్పేస్తారు, ఆ పూట ఏ ముక్కకు రంగు వెయ్యాలో ఆ ముక్కే తెరుస్తారు. ఒకరోజు తలుపు, ఒకరోజు బానెట్, ఒకరోజు వెనక చక్రం మీది వంపు. పని అయిపోయిన రోజు శుక్రవారం. వీళ్ళు నమాజుకు పోయి వచ్చేసరికి బండి లేదు. నేల మీద చిరిగిన కాగితాలున్నాయి.

"మొత్తం బండి నేను చూడనే లే. ముక్కలు ముక్కలుగనే యాదికొస్తది. ఇరవై ఏండ్లకు ఇయ్యాల ఒక్కతాన కనవడ్డది." నవ్వాడు. "గిప్పుడు కనవడితే ఏం లాభం? కండ్లు సగమే ఉన్నయి."

ఆయన కళ్ళలో పొరలు అప్పటికే బాగా ముదిరాయి. ఆపరేషన్ చెయ్యాలంటే వెల్లకిలా పడుకోవాలి, పడుకుంటే ఊపిరాడదు అని జగిత్యాల డాక్టరు వాయిదా వేస్తూ వచ్చాడు.

ఆ కారు మూడు రోజులు మంచం పక్క బల్ల మీదే ఉంది, వీడియో తియ్యలేదు. "సవతిని తెచ్చుకున్నడు," అంది చాచీ. "దాని మొఖం జూసుకుంటనే అన్నం తింటున్నడు." రెండో రోజు నేను దుమ్ము తుడుస్తుంటే ట్యూబు గీత ఎడమ తలుపు మీద, పిడి కింద విరిగింది. నీళ్ళలో పుల్ల పెడితే విరిగినట్టు కనిపిస్తుందే, అట్లా. కుడి తలుపు చూశాను. తిన్నగా ఉంది. మళ్ళీ ఎడమ తలుపు చూశాను. చాచా ఎట్లాగూ పట్టుకుంటాడులే అనుకొని ఊరుకున్నాను.

మూడో రోజు పొద్దున కరెంటు పోయింది. మిషను ఆగింది. చాచాకు సిలిండరు పెట్టారు, దానికి చప్పుడు ఉండదు. ఇల్లంతా చెవులు మూసినట్టయింది. అప్పుడు సారు ఫోన్ చేశాడు. చాచాకు ఆయాసం అని నేనే ఫోన్ ఎత్తి, దాన్ని మెట్టు మీదికి తీసుకెళ్ళాను.

"చూడమ్మా, ఈ బండి నేను ఒకాయనకు అమ్ముతున్న. చాచా వీడియో చూసినంకనే తీసుకుంటనని కూసున్నడు. చాచా బాగుందన్నడనుకో, ఇంకో ఆరు బండ్లు పంపిస్త. ఎప్పటిలెక్కనే ఏదో వంక పెట్టిండా, నాకిగ ఈ వీడియోలే వద్దు. పెట్టెలు బంద్. జర నువ్వే ఆయనకు అర్థమయ్యేటట్టు చెప్పు."

సారుది పెద్ద గొంతు.

లోపలికి వస్తే చాచా అడిగాడు. "ఏమంటడు?"

"ఏం లేదు చాచా. వీడియో ఎప్పుడని."

కరెంటు వచ్చాక మొదలుపెట్టాం. ఆయన గడ్డం గీసుకొని, ఉతికిన దస్తీ తీసుకున్నాడు. బానెట్ మీద గీత నడిచింది. కప్పు మీద నడిచింది. కుడి తలుపు మీద నడిచింది. ఎడమ తలుపు దగ్గర వంచాడు. నా చేతిలోని ఫోన్లో గీత పిడి కింద విరిగింది, తెర మీద స్పష్టంగా. ఆయన దస్తీ పరిచి అరచెయ్యి పెట్టాడు. పిడి కింద ఆ చెయ్యి ఆగింది.

తర్వాత ఎప్పుడూ చెయ్యని పని చేశాడు. నన్ను అడిగాడు.

"బిడ్డా, గీత సక్కగున్నదా?"

ఫోన్ పట్టుకున్న నా చెయ్యి వణకలేదు. పెట్టెలు రాకపోతే మంచం పక్క బల్ల ఖాళీగా ఉండటం కళ్ళముందు కనిపించింది. గడ్డం గీసుకోని ముఖం, మెట్టు మీద ఒక్క కాలు, రాని కొరియర్ బండి, ఇవన్నీ కనిపించాయి.

"సక్కగున్నది చాచా," అన్నాను.

ఆయన తల ఎత్తి ఫోన్ పక్కగా నా వైపు చూశాడు. పొరల వెనక నుంచి ఎంత కనిపించిందో తెలియదు.

"బిడ్డ సక్కగున్నదంటున్నది," అని ఫోన్ కు చెప్పాడు. చెయ్యి జరిపాడు. తలుపులు ఎత్తి చూపించాడు, సీట్లు చూపించాడు, చక్రాలు తిప్పాడు. మళ్ళీ కరెంటు పోయింది. "ఇగ చాలు," అన్నాడు.

ఆ వీడియోలో ఆయన "తీస్కోవచ్చు" అనలేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు, ఎందుకంటే కింద ఆ మాట ఉంది. నేను రాశాను.

నాకు డైరీ రాసే అలవాటు. ఎవరికీ చెప్పనివన్నీ అందులో రాస్తాను. ఆ రోజు పేజీలో ఒకే వాక్యం ఉంది: "ఈ రోజు కరెంటు రెండుసార్లు పోయింది."

కొన్నవాడికి నెల తిరక్కుండానే ఆ తలుపు సంగతి తెలిసిపోయింది. వీడియో కింద వరసగా రాశారు. "చాచా కళ్ళు సర్వీసింగుకు పంపండి." "ఎంతకు అమ్ముడుపోయావు చాచా?" ఆరు పెట్టెలు కాదు, ఒక్కటి కూడా రాలేదు. సారు చాచాకే ఫోన్ చేసి, తనను దొంగను చేశావని అరిచాడు. నేను తలుపు పక్కనే ఉన్నాను. చాచా అంతా విని, "తప్పు నాదే సార్," అన్నాడు. జగిత్యాల ఆయన కూడా అడగడం మానేశాడు. కొండగట్టు నుంచి వచ్చే బండ్లు తగ్గాయి, తర్వాత ఆగకుండానే పోయేవి. ఒక తెల్ల కారు బానెట్ నిండా పసుపుతో మెట్టు ముందు నుంచి పోతుంటే ఆయన నోరు తెరిచి, మళ్ళీ మూసుకోవడం చూశాను.

మంచం పక్క బల్ల మీద చాచీ పచ్చడి జాడీ పెట్టింది.

నేను నిజం చెప్పలేదు. పొద్దున చెబుదామనుకుంటే పొద్దున ఎవరో ఉండేవాళ్ళు, సాయంత్రం ఆయనకు ఆయాసం. ఇవన్నీ సాకులని డైరీలో కూడా రాసుకోలేదు. ఆయన ఎప్పట్లాగే పిలిచేవాడు, పేపరు చదివించుకునేవాడు, నవల్లో ఏమైందని అడిగేవాడు. గొంతులో ఏ తేడా లేదు. తిట్టి ఉంటే ఆ తిట్టు పట్టుకొని బయటపడేదాన్నేమో. ఆ ఇంట్లో గొట్టం ఆయనకు ఉంటే, నాకు ఆ ఒక్క మాట ఉంది. ఎక్కడికి పోయినా అంత దూరమే పోగలిగేదాన్ని.

నాలుగు నెలల తర్వాత సిరిసిల్లలో ఈ పని దొరికింది. కుట్టిన బట్టల్లో తప్పులు వెతికే పని. ఎట్లా వెతకాలో ఆయన దగ్గరే నేర్చుకున్నానని వాళ్ళకు చెప్పలేదు. బయల్దేరే రోజు, బస్సుకు గంట ముందు, చెప్పేద్దామనే పోయాను. ఆయన నా సూటుకేసు మీద దస్తీ పరిచి నిమిరాడు.

"తాళం కాడ సొట్ట వడ్డది. అయినా తీస్కోవచ్చు."

నవ్వాను. ఆయన నవ్వలేదు.

"బిడ్డా, ఒక్క మాట అడుగుత. గా బండి ఎడమ తలుపు మీద గీత సక్కగుండెనా?"

ఫోన్ లేదు, వీడియో లేదు. చాచీ వంటింట్లో ఉంది. మిషను చప్పుడు మా ఇద్దరి మాటలు బయటికి పోకుండా కాపలా ఉంది. అంతకంటే సులువుగా ఎవరూ అడగలేరు.

"సక్కగనే ఉండె చాచా."

ఆయన దస్తీని నాలుగు మడతలు పెట్టాడు. ఒక్కో మడతనూ ఒత్తాడు. "మంచిది. పో బిడ్డా, బస్సు తప్పుతది," అన్నాడు.

మా పల్లె దారి, కథలాపూర్, వేములవాడ, అన్నీ కిటికీలోంచి పోయాయి. ఏదీ చూసినట్టు గుర్తులేదు.

అమ్మ ఫోన్ చేసిన మర్నాడు సెలవు అడిగి కోరుట్ల పోయాను. ముందుగదిలో మిషను లేదు. కిరాయిది, తీసుకుపోయారట. అది ఉన్న మూల గచ్చు మీద నాలుగు చక్రాల గుర్తులున్నాయి. చాచీ గోడకానుకొని కూర్చుంది. భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు ఆమె ఇల్లు కదలకూడదు.

"ఇగ నా వంతు," అంది గడప వైపు చూపించి. "నాకైతే గా ఒక్క కాలు గూడ లేదు."

పక్కన కూర్చున్నాను. ఈసారి ఆమె అడగకముందే చెప్పాలనుకున్నాను. నోరు తెరిచేలోపు ఆమే అంది.

"గా తలుపు సంగతేనా? ఆయనకు ఎరుకే బిడ్డా."

నేను ఆమె వైపు తిరిగాను.

"సారు ఫోన్ల ఒర్లింది ఇనలేదనుకున్నవా? కరెంటు లేకుండె గద. మిషను బంద్. వీధికి ఇనవడ్డది." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గా దినమే చెప్పిండు. పిల్ల నా పెట్టెలు బంద్ అయితయని అవద్దమాడింది, కెమెరా ముంగట దాన్ని అవద్దపుదాన్ని చెయ్యాల్నా అన్నడు. నువ్వు సిరిసిల్లకు వోయిన నాడు గూడ అన్నడు. రెండుసార్లు తలుపు తీసి వెట్టిన, పిల్ల బయటికి రాలే, అని."

ఆమె లేచి దిండు కింద నుంచి ఆయన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "దీంట్ల వీడియోలున్నయంట గద. చూస్కో."

ఆ వీడియో అట్లాగే ఉంది. కింద నా మాట అట్లాగే ఉంది. ఆయన చెయ్యి పిడి కింద ఆగడం, అడగడం, నా గొంతు. నా గొంతు ఎంత తిన్నగా ఉందో విన్నాను. ఎక్కడా విరగలేదు.

అక్కడే, ఆ చక్రాల గుర్తుల పక్కన కూర్చొని, "తీస్కోవచ్చు" అన్నది తీసేశాను. ఆయన వరసలోనే మళ్ళీ రాశాను. రాయడానికి చాలాసేపు పట్టింది. చాచీ, "ఏం రాస్తున్నవ్?" అంది. ఏం లేదు అనబోయి ఆగాను.

"బండి గురించి రాస్తున్న చాచీ."

"చదువు. నాకు రాదు గద. గట్టిగ చదువు."

చదివాను.

"ఈ వీడియో కింద ఇంతకుముందు తీస్కోవచ్చు అని ఉండేది. ఆ మాట చాచా అనలేదు. నేను రాశాను. బండిని ముందు మూసి చూశాం. బానెట్ మీద, కప్పు మీద, కుడి తలుపు మీద గీత తిన్నగా నడిచింది. సీట్ల కుట్టు బాగుంది. చక్రాలు ఊగకుండా తిరిగాయి. ఎడమ తలుపు మీద, పిడి కింద గీత విరిగింది. ఆ తలుపుకు మళ్ళీ రంగు వేశారు. వేసినవాడు మంచి పనివాడు. చాచా చెయ్యి ఆ చోట ఆగింది. ఆయన నన్ను అడిగాడు. నాకు కనిపించింది. సక్కగున్నదని అబద్ధం చెప్పాను. ఫోన్ పట్టుకున్నది నేను."

కింద నా పేరు రాసి ఉంది, అది కూడా చదివాను.

మిషను లేని ఇంట్లో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చాచీ కళ్ళు మూసుకొని కూర్చుంది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"గా మంచి పనోడు అన్న కాడ," అంది కళ్ళు తెరవకుండానే, "మళ్ళొకసారి చదువు బిడ్డా."

మళ్ళీ చదివాను.